ప్రతిఘటన కథలు - పల్లెకు వచ్చిన క్రొత్త మాటలు

గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండినపుడు లెక్కలు తీయుట ఆచారము. ఎన్ని పుస్తకములు చేరినవి, ఎందరు చందాదారులైరి, ఏయే పత్రికలు వచ్చినవి అను సంగతులు పట్టికలలో దొరకును. ఏ పట్టికకును ఎక్కని లెక్క మరియొకటి కలదు. ఆ పుస్తకముల మూలమున ఊరిలోనికి ఎన్ని క్రొత్త మాటలు వచ్చినవి? వచ్చినవానిలో జనుల నాలుకపై నిలిచినవి యెవ్వి? ఈ ప్రశ్నకు అంకెలతో సమాధానము చెప్పుట సాధ్యము కాదు. అయినను తెలుగు పల్లెలలో గత నూరేండ్ల పఠన చరిత్రను పరికించిన యెడల ఒక సంగతి స్పష్టమగును. బాలురకును యువకులకును క్రొత్త మాటలను అధికముగా నేర్పినవానిలో నిఘంటువుల కంటె ముందు చెప్పదగినవి యుద్ధకాలపు ప్రతిఘటన కథలు. పరాయి సేన ఊరిపై పడినపుడు సామాన్యులు ఎట్లు నిలిచిరో చెప్పు కథలను చదువుచు, తమకు తెలియకయే వారు ఒక క్రొత్త పదసంపదను సంపాదించుకొనిరి. అనంతపురము వంటి కరవు సీమలో ఈ విద్యకు ప్రత్యేకమైన విలువ కలదు.

ఈ పీఠభూమి సంగతి వేరుగా చెప్పనక్కర లేదు. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలను దాటి వచ్చునప్పటికి తేమ పోగొట్టుకొనును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమున కురిసి, ఇచటికి పలుచబడి చేరును. సంవత్సరమునకు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 1876-78 నాటి మహాక్షామము ఈ సీమను పీల్చి పిప్పి చేసినది. 1882లో బళ్లారి నుండి విడివడి అనంతపురము ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన తరువాతను కరవులు తప్పలేదు. ఇట్టి చోట రైతునకు ప్రభుత్వముతోడి సంబంధము మాటల మూలముననే జరిగెడిది. శిస్తు, జమాబందీ, తకావి, జప్తు - ఇవి యన్నియు అతని పొలమును, ఎద్దులను, బావిని తాకు మాటలే. కాని వాని అర్థము కాగితముపై వ్రాయువానికి తెలిసినంతగా వ్రేలిముద్ర వేయువానికి తెలియదు. మాట తెలియకపోవుట వలన భూమి పోయిన కుటుంబములు ఏ సీమలోనైనను ఉన్నవి. అందుచేత క్రొత్త మాటను నేర్చుకొనుట ఇచట వినోదముగా మాత్రమే ఎంచదగినది కాదు.

మాటకు గల బలమును ఈ ప్రాంతపు పెద్దలు ముందే గ్రహించిరి. 1800లో నిజాము ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసిన నాటి నుండి వీనికి దత్తమండలములు అను పేరు నిలిచినది. ఒకరు ఇచ్చిన, మరొకరు పుచ్చుకొన్న నేల అని దాని భావము. ఆ నేలపై నివసించువారి ప్రసక్తి ఆ పేరులో లేదు. 1928లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ సందర్భమున ఈ పేరును త్రోసివేసి రాయలసీమ అను పేరును స్వీకరించిరి. అనంతపురము కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసిన భాషాపండితులు చిలుకూరి నారాయణరావుగారు ఈ పేరును ప్రతిపాదించిరి. నాటి నుండి ఆ సీమవారు ఒకరి దత్తముగా గాక తమ చరిత్ర గలవారుగా తమను పేర్కొనుచున్నారు. ఒక మాటను మార్చుట ఒక ప్రతిఘటన యగుటకు ఇంతకంటె సమీపపు నిదర్శనము లేదు.

అదే కాలమున గ్రంథాలయోద్యమము పల్లెలకు ప్రాకుచుండెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు, కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మున్నగువారి కృషి వలన, పుస్తకము పట్టణపు పండితుని యింటినుండి పల్లెటి రచ్చకట్టపైకి దిగినది. 1948లో మదరాసు రాష్ట్రమున పౌర గ్రంథాలయముల చట్టము వచ్చినది. పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలగుట దానితో ఆరంభమైనది. 1960లో ఆంధ్రప్రదేశ్ తన గ్రంథాలయ చట్టమును చేసికొన్నది. ఒకరు చదువగా పదిమంది వినుట నాటి పల్లె గ్రంథాలయములలో సాధారణము. అర్థము కాని మాట వచ్చినపుడు చదువువాడు ఆగును. వినువారిలో ఒకడు ఒక అర్థము చెప్పును, మరొకడు కాదనును. కథ ముందుకు సాగిన కొలది ఎవరి మాట నిజమో తేలును. నిఘంటువు లేని చోట కథయే నిఘంటువు పని చేసినది.

మొదటి తరమువారికి ఇట్టి మాటలు స్వాతంత్ర్య పోరాటము నుండి వచ్చినవి. సత్యాగ్రహము అను మాట దక్షిణాఫ్రికాలో గాంధీమహాత్ముని పోరాటమున పుట్టి, పత్రికల ద్వారా తెలుగు పల్లెలకు చేరినది. 1920 తరువాత సహాయ నిరాకరణము అను పొడుగాటి సమాసము సైతము అక్షరము రానివారి నోట పలికినది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు కారాగారమున వ్రాసిన మాలపల్లి నవల 1922లో వెలువడినది. ప్రభుత్వము దానిని నిషేధించినది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన తరువాత ఆ నిర్బంధము తొలగినది. పుస్తకమును నిషేధించుట వలన నిషేధము అను మాటయే జనులకు పరిచితమైనది. పాలకులు ఏ పుస్తకమునకు భయపడిరో దానిని చదువవలెనను కుతూహలము యువకులలో పెరిగినది. మక్సీం గోర్కీ వ్రాసిన అమ్మ నవలను క్రొవ్విడి లింగరాజుగారు తెలుగు చేసిరి. రహస్యముగా కరపత్రములను పంచు ఒక ముసలితల్లి కథ అది. కరపత్రము, సమ్మె, కార్మికుడు అను మాటలు యంత్రశాల చూడని పాఠకులకును దాని మూలమున సజీవములైనవి.

1939లో రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమైన పిదప మాటల వరద వచ్చినది. కొన్ని మాటలు పుస్తకముతో పని లేకుండ నేరుగా వంటయింటికే వచ్చినవి. రేషను, కంట్రోలు, చీకటి బజారు - వీనిని నేర్చుకొనుటకు బడికి పోనక్కర లేకపోయినది. కిరసనాయిలు సీసా, బియ్యపు సంచి వానిని నేర్పినవి. మరికొన్ని మాటలు ఈ జిల్లా యువకుల పుస్తకముల మూలమున వచ్చినవి. తరిమెల గ్రామమునకు చెందిన విద్వాన్ విశ్వం, తరిమెల నాగిరెడ్డి అనువారు మిత్రులతో కలిసి అనంతపురమున నవ్య సాహిత్యమాలను నడిపిరి. యుద్ధము దేశపు ఆర్థికస్థితిపై చూపు ప్రభావమును గూర్చి నాగిరెడ్డి వ్రాసిన చిన్న పుస్తకమునకై ఆయనకు 1940లో కారాగారశిక్ష పడినది. సామ్రాజ్యవాదము, ఆర్థిక ప్రభావము వంటి మాటలను పల్లెటి భాషలో వివరించుట నేరమైన రోజులవి. ఆ తరువాత విశ్వం పెన్నేటి పాట అను కావ్యమును వ్రాసి ఈ కరవు సీమ బ్రతుకును తెలుగు సాహిత్యమున నిలిపిరి.

యుద్ధానంతరము బాలుర, యువకుల పఠనమునకు మంచికాలము వచ్చినది. 1947 జూలైలో చందమామ వెలువడినది. పిల్లలకు దుర్గము, సేనాని, గూఢచారి వంటి మాటలు దాని సాహసగాథలలో సుపరిచితములైనవి. అడివి బాపిరాజుగారి గోన గన్నారెడ్డి నవల యువకులను రుద్రమదేవి కాలమునకు తీసికొనిపోయినది. శత్రువులు చుట్టుముట్టగా ఓరుగల్లును కాపాడుకొన్న కథ అది. పెనుకొండ, గుత్తి, రాయదుర్గము కోటల నీడలో పెరిగిన బాలునకు అగడ్త, బురుజు, దండనాయకుడు అను మాటలు రాతిలోనే కనబడును. నవల వానికి ప్రాణము పోసినది. 1950ల నుండి సోవియట్ దేశపు నవలలు తెలుగు రూపమున చౌకవెలకు దొరకసాగినవి. విశాలాంధ్ర ప్రచురణాలయమువారి సంచార పుస్తకశాలలు ఊరూరికి తిరిగెడివి. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమగువరకు ఆ ప్రవాహము ఆగలేదు. గ్రామ గ్రంథాలయముల బీరువాలలో నాటి గట్టి అట్టల పుస్తకములు అనేక సంవత్సరములు నిలిచియుండెను.

ఇట్టి కథలు మాటలను ఎట్లు నేర్పునో మూడు ఉదాహరణముల వలన తెలిసికొనవచ్చును.

మొదటిది ముట్టడి. పాఠ్యపుస్తకమున ఈ మాటకు చుట్టుముట్టుట అని అర్థము వ్రాయుదురు. దానితో మాట తెలిసినట్లు కాదు. లెనిన్‌గ్రాడ్ నగరమును జర్మను సేనలు 1941 సెప్టెంబరు 8 నుండి 1944 జనవరి 27 వరకు, సుమారు 872 దినములు ముట్టడించినవి. 1941 చలికాలమున ఆ నగరములో అనేకులకు దినమునకు 125 గ్రాముల రొట్టె మాత్రమే లభించినది. ఆ రొట్టెముక్క కథలోనికి వచ్చినపుడు ముట్టడి అనగా ఆకలి అని బాలునకు తెలియును. ఇక అనంతపురము జిల్లా బాలునకు ఆ మాట మరింత దగ్గరిది. 1776లో హైదరాలీ గుత్తికోటను ముట్టడించినపుడు లోపల నీరు తరిగిపోవుటయే మురారిరావు ఘోర్పడే లొంగుబాటునకు ముఖ్యకారణమైనది. కొండపై బలమైన గోడలున్నను నీరు లేని కోట నిలువదు. రష్యా దేశపు కథలోని రొట్టెయు, గుత్తిలోని నీరును కలిసినపుడు ఆ మాట యొక్క పూర్తి అర్థము అతనికి దక్కును. గంజి కేంద్రముల ముందు వరుసలో నిలిచిన 1952 నాటి కరవును ఎరిగిన పెద్దలకు ఆ అర్థము వివరింపనక్కరయే లేదు.

రెండవది అజ్ఞాతవాసము. శత్రువు ఆక్రమించిన నగరమున పేరు మార్చుకొని, వేషము మార్చుకొని, పోరాటము సాగించువారి జీవితమును తెలుగు అనువాదకులు అజ్ఞాత జీవితము, రహస్య జీవితము అని చెప్పిరి. విదేశీ నవలలోని ఈ స్థితి కరవు సీమవారికి క్రొత్తది కాదు. వానలు కురియుటకై విరాటపర్వము చదివించుట తెలుగు పల్లెలలో అనాదిగా ఉన్న ఆచారము. తిక్కన వ్రాసిన ఆ కథలో పాండవులు పదుమూడవయేట మారుపేర్లతో విరటుని కొలువున దాగిరి. చక్రవర్తి జూదపు సలహాదారుగా, వీరుడు వంటలవాడుగా, విలుకాడు నాట్యాచార్యునిగా బ్రతికిరి. వానకొరకు విన్న కథ వలన ఆ మాట చెవిలో పడియుండెను. ప్రతిఘటన నవల చేతికి వచ్చినపుడు దాని అర్థము విస్తరించినది. పాత మాటకు క్రొత్త కాలపు బాధ్యత చేరినది. క్రొత్త పదమును నేర్చుకొనుట యనగా ప్రతిసారియు క్రొత్త శబ్దమును కంఠస్థము చేయుట కాదని ఇందువలన గ్రహింపవచ్చును.

మూడవది కాకలు తీరిన అను నుడికారము. నికొలాయ్ ఆస్త్రోవ్‌స్కీ 1930లలో వ్రాసిన ప్రసిద్ధ నవలకు రష్యను పేరు ఉక్కు పదునెక్కిన తీరును సూచించును. 1918లో జర్మను సేనల ఆక్రమణలోనున్న ఒక చిన్న యుక్రెయిను పట్టణమున పెరిగిన పావెల్ అను కుర్రవాడు, కావలివాని చేతిలోని బందీని విడిపించి ప్రతిఘటన మార్గమున అడుగు పెట్టును. చూపు కోల్పోయి మంచము పట్టిన స్థితిలో రచయిత ఈ గ్రంథమును పూర్తిచేసెను. దీనికి తెలుగున కాకలు తీరిన యోధుడు అని పేరు పెట్టిరి. కాక యనగా వేడి. ఎన్నో వేడిమిలకు ఆగి గట్టిపడినవాడు కాకలు తీరినవాడు. పరదేశపు ఉక్కుకు తెలుగు కొలిమి దొరికినది. తన ఊరి కమ్మరి కొలిమిలో ఇనుము ఎఱ్ఱబడి, నీటిలో ముంచగా గట్టిపడుటను చూచిన బాలుడు ఆ పేరును చదివినపుడు, నవల తెరువకమునుపే దాని సారమును గ్రహించును. మంచి అనువాదము పాఠకుని ఊరి మాటతోనే పరదేశపు అనుభవమును చెప్పగలదు.

అన్ని మాటలకును ఇట్టి ఆధారము ఊరిలో దొరకదు. గెరిల్లా అను మాటను విని కొందరు గొరిల్లా అను వాలిడిగాని పేరుగా భ్రమపడుటయు, పత్రికలలో సైతము రెండును కలిసిపోవుటయు జరిగినది. స్పెయిను భాషలో ఆ మాటకు చిన్నయుద్ధము అని అర్థము. 1808 తరువాత నెపోలియన్ సేనలకు స్పెయిను ప్రజలు ఎదురు తిరిగిన నాట అది లోకమంతట వ్యాపించినది. అడవిలో పొంచి, చిన్న దళములుగా పెద్ద సేనను వేధించు వారి కథ ఒక్కటి చదివిన పాఠకుడు మరల ఆ పొరపాటు చేయడు. ఫాసిజము అను మాటయు అట్టిదే. ఇటలీ భాషలో మోపు, కట్ట అని దాని మూలార్థము. గొడ్డలిని నడుమ నుంచి కట్టిన కట్టెలమోపు ప్రాచీన రోము అధికారులకు చిహ్నము. కలిసియున్న కట్టెలను విరువలేమని చెప్పు నీతికథ మన బాలలందరకు తెలియును. అదే మోపులో గొడ్డలి చేరిన యెడల ఐకమత్యము పేరిట అణచివేత ఎట్లు వచ్చునో ఐరోపా చరిత్ర చూపినది. ఒక మాట పుట్టుక తెలిసికొన్నచో దాని యందలి ప్రమాదమును తెలిసికొనవచ్చును.

ఈ విషయమున ఆనాటి నిఘంటువులు పాఠకునకు తోడ్పడలేకపోయినవి. బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరము 1885 నాటిది. రెండు ప్రపంచయుద్ధముల మాటలు అందు ఉండు అవకాశమే లేదు. కావ్యభాషకు పెద్దపీట వేసిన నిఘంటువులలో పత్రికల భాషకు చోటు తక్కువ. ఇట్టి లోటును తీర్చుటకు కృషిచేసినవారిలో ఈ సీమవారే ఒకరు కలరు. ధర్మవరము ప్రాంతపు రాఘవంపల్లిలో 1913లో జన్మించిన తిరుమల రామచంద్రగారు నుడి-నానుడి అను గ్రంథమున తెలుగు మాటల పుట్టుకలను, ప్రయాణములను సామాన్యులకు అర్థమగునట్లు వివరించిరి. ఆ గ్రామము 2022లో జరిగిన జిల్లాల విభజన వలన శ్రీ సత్యసాయి జిల్లా పరిధిలోనికి వచ్చినది. మాటను వెదకుచు పోయినవాడు చరిత్రను చేరుననుటకు ఆయన రచనలు సాక్ష్యము.

ప్రతిఘటన కథల గుణములను చెప్పినపుడు వాని లోపములను దాచుట న్యాయము కాదు. కొన్ని అనువాదములు సంస్కృత సమాసములతో బరువెక్కి, రాయలసీమ పాఠకునకు దూరమైనవి. ఎదురు తిరుగుట అని పలుకు నోటికి ప్రతిఘటన అను మాట మొదట గరగరలాడినది. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. యుద్ధకథలలో వీరుడు, ద్రోహి, శత్రువు అను మాటలు తేలికగా వచ్చును. వానిని ఎవరికి తగిలింపవలెనో నిర్ణయించునది కొన్నిసార్లు రచయిత గాక ప్రభుత్వమగును. క్రాస్నొదోన్ పట్టణమున 1942-43లో నాజీలను ఎదిరించి ప్రాణములొడ్డిన యువకుల గాథను అలెగ్జాండర్ ఫదేయెవ్ యువరక్షకదళ నవలగా 1946లో వెలువరించెను. పార్టీ నాయకత్వపు పాత్ర చాలలేదను విమర్శ రాగా 1951లో దానిని మార్చి వ్రాయవలసి వచ్చెను. ఆ యువకుల త్యాగము నిజము. దానిని చెప్పిన తీరు మాత్రము ఒత్తిడికి లోనైనది. కథ వలన మాటను నేర్చుకొన్న పాఠకుడు, ఆ మాటను ఎవరు ఎందుకు వాడుచున్నారని అడుగుటను గూడ నేర్చుకొనవలెను. ఒక్క పుస్తకముతో ఈ విద్య రాదు. పలు పుస్తకములను ప్రక్కప్రక్కన ఉంచగల గ్రంథాలయముననే వచ్చును.

పల్లెటి బాలునకు లెనిన్‌గ్రాడ్ ముట్టడితో ఏమి పనియని అడుగువారు ఎల్లప్పుడును ఉందురు. సమాధానము ఆ బాలుని ముందు నిలిచియున్న కాగితములో కలదు. పంటల బీమా పత్రము, బ్యాంకు ఋణపు ఒప్పందము, భూమి హక్కుల పుస్తకము - వీనిలో ప్రతి ఒక్కటియు తెలియని మాటలతో నిండియుండును. తెలియని మాటను చూచి తలవంచి సంతకము చేయుట ఒక అలవాటు. తెలియని మాట వద్ద ఆగి, దాని ముందు వెనుకలను చదివి, అర్థము నూహించి, అనుమానము తీరువరకు అడుగుట మరియొక అలవాటు. రెండవ అలవాటు పదేండ్ల ప్రాయమున కథపుస్తకముతో మొదలగును. కథలో వీరుడు బ్రతుకునో లేదో తెలిసికొనవలెనను ఆత్రుతలో తెలియని మాట వద్ద పిల్లవాడు నిలిచిపోడు, దానిని జయించి ముందునకు పోవును. ఆ ధైర్యమే తరువాత కచేరి మెట్లపై అతనికి అక్కరకు వచ్చును.

కావున గ్రామ గ్రంథాలయములు బాలుర బీరువాను అలంకారముగా భావింపరాదు. శిథిలమైన పాత నవలలను పారవేయకముందు మరల అచ్చులోనున్నవానిని తెప్పింపవలెను. తెలుగు నేలపై జరిగిన పోరాటముల కథలను, పరదేశపు కథలను ఒకే వరుసలో ఉంచవలెను. వారమునకొక సాయంకాలము ఒకరు చదువగా పదిమంది వినుచు, ఎదురైన క్రొత్త మాటను నల్లబల్లపై వ్రాసి, దానికి సమానమైన ఊరి మాటను ప్రక్కన వ్రాయు పద్ధతికి పెద్దగా వ్యయము లేదు. నల్లబల్లపై ముట్టడి ప్రక్కన గుత్తికోట నీటి కథ, అజ్ఞాతవాసము ప్రక్కన విరాటపర్వము, కాక ప్రక్కన కొలిమి చేరగలవు. ఆ బల్లను నింపగల పెద్దలు ప్రతి ఊరను ఉన్నారు. వారు జీవించియుండగనే ఆ పని మొదలుపెట్టుట మేలు.